మౌస్‌ను ఎంచుకోవలసింది కన్ను కాదు, చెయ్యి



గత సంవత్సరం మా తీరప్రాంతపు ఊరి నుండి ఒక యువతి నా వద్దకు వచ్చింది. వయస్సు ముప్పైకి లోపే. ఒక కార్యాలయంలో కంప్యూటర్‌పై వివరాలు నమోదు చేయడం ఆమె ఉద్యోగం. "రాత్రి రెండు గంటలకు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తా ఉంది సార్. విదిలిస్తేగానీ తగ్గడంలా" అన్నది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు మొద్దుబారుతున్నాయి. చిటికెనవ్రేలికి మాత్రం ఏ బాధా లేదు. ఆరు నెలలుగా నొప్పి మాత్రలు మ్రింగుతున్నది. ఈ ఆరు నెలల్లో ఆమెను చూసిన వైద్యులలో ఒక్కరైనా "అమ్మా, నువ్వు ఆ చేత్తో రోజంతా ఏం పని చేస్తావు?" అని అడగలేదు.

నేను అడిగాను. ఆమె వాడే మౌస్‌ను తెచ్చి చూపించమన్నాను. అది బిళ్ళవలె పలుచగా ఉన్నది. లోపల నీలిరంగు దీపం వెలుగుతున్నది. ఆమె అరచెయ్యి దానిపై ఆనే వీలే లేదు. వ్రేళ్ళను కొంకులవలె వంచి, మణికట్టును పైకెత్తి పట్టుకోవలసి వస్తున్నది. "ఆఫీసులో అందరికీ ఇదే తెచ్చినారు సార్, చూసేదానికి బాగుందని" అన్నది.

చూసేదానికి బాగుందని! నా వాదమంతా ఈ మాటతోనే.

మా మైపాడు, కోడూరు తీరాలలో తెడ్డు వేసి బ్రతికిన ఏ పెద్దనైనా అడగండి. తెడ్డుకు రంగు చూసి ఎవరైనా కొన్నారా? పిడి చేతికి కుదిరిందా లేదా అని నాలుగుసార్లు పట్టి చూసేవారు. వరి కోతకు వెళ్ళే కూలి కూడా తన కొడవలినే తీసుకువెళ్తుంది. పక్కవారి కొడవలితో చెయ్యి బొబ్బలెక్కుతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. చదువురాని వారికి తెలిసిన ఈ విషయం, చదువుకొని కంప్యూటర్ ముందు కూర్చున్న మనకు ఎందుకు తెలియకపోయింది? మౌస్ కూడా పనిముట్టే. దానిని మనం నగవలె కొంటున్నాము.

మౌస్ పుట్టినప్పుడు దానికి సోకులు లేవు. 1964 ప్రాంతంలో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చిన తొలి మౌస్ ఒక చెక్కపెట్టె. 1968 డిసెంబరు 9న దానిని శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించారు. ముప్పై ఏళ్ళు గడిచాక, 1998లో ఆపిల్ సంస్థ తన ఐమాక్ కంప్యూటర్‌తో గుండ్రని బిళ్ళవంటి మౌస్ ఇచ్చింది. చూపులకు ముచ్చటైనదే, కానీ చేతికి ఇమడలేదు, ఏ వైపు ముందో తడిమి తెలుసుకోవలసి వచ్చేది. విమర్శలు వెల్లువెత్తగా 2000లో దానిని మార్చివేశారు. అంత పెద్ద సంస్థే అందానికి లొంగి పొరబడిందంటే, మన సందు చివరి దుకాణంలో దీపాలు వెలిగే మౌస్‌ను చూసి మనం పొరబడడంలో వింత లేదు. పొరపాటు తెలిసిన తరువాత కూడా దిద్దుకోకపోవడమే వింత.

ఇక శరీరం మాట. మన మణికట్టులో చిన్న ఎముకలు అడుగున, గట్టి పట్టీ పైన ఉండి ఒక ఇరుకు సొరంగం ఏర్పడుతుంది. అందులో నుండి తొమ్మిది స్నాయుబంధాలు, వాటితోపాటు మధ్యమ నాడి పోతాయి. మణికట్టును పైకి వంచి పనిచేస్తే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. మౌస్ బొత్తాన్ని నొక్కిపట్టి లాగేటప్పుడు మరింత పెరుగుతుంది. ఆ నలుగుడుకు నాడి చెప్పే మొరే తిమ్మిరి.

అయితే వైద్యుడిగా నేను ఒకవైపే మాట్లాడకూడదు. ఈ జబ్బుకు మౌస్ ఒక్కటే కారణమని నేను అనను. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ, స్థూలకాయం కూడా కారణాలే. డెన్మార్క్‌లో వేల మంది కంప్యూటర్ ఉద్యోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనం, కంప్యూటర్ వాడకం ఈ జబ్బుకు పెద్ద ముప్పు కాదనే తేల్చింది. వారానికి ఇరవై గంటలకు మించి మౌస్ పట్టేవారి విషయంలో మాత్రం అనుమానాన్ని మిగిల్చింది. మన నమోదు ఉద్యోగులు ఆ ఇరవై గంటలను మూడు రోజులలో దాటివేస్తారు. పైగా ముంజేతి నొప్పి, భుజం పట్టివేత అనేవి వేరే ఉన్నాయి.

'ఎర్గోనామిక్' అని అట్టపెట్టెపై ముద్రించి నాలుగింతల ధర గుంజేవారినీ నేను సమర్థించను. నిలువు మౌస్‌తో ముంజేయి మెలి తగ్గే మాట నిజమే. కానీ ఈ జబ్బు ఉన్నవారిపై జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, నిలువు మౌస్ మణికట్టు భంగిమను మార్చిందే కానీ సొరంగంలోని ఒత్తిడిని తగ్గించలేదు. దీపాలు ఒక రకం మాయ అయితే, ఆ ముద్ర మరొక రకం మాయ.

మరి ఎలా ఎంచుకోవాలి?

చేతిని కొలవండి. మణికట్టు ముడత నుండి మధ్యవ్రేలి కొన వరకు సుమారు 17 సెంటీమీటర్ల లోపయితే చిన్నది, 19 దాటితే పెద్దది, నడుమ ఉన్నవారికి మధ్యరకం మౌస్. దుకాణంలోనే చేతబట్టి చూడండి. అరచెయ్యి దానిపై వాలాలి, వ్రేళ్ళు చాచకుండానే బొత్తాలకు అందాలి, మణికట్టు నిటారుగా ఉండాలి. ఎడమచేతివాటం వారు రెండు వైపులా ఒకేలా ఉండేది తీసుకోవాలి. మెత్తని రబ్బరు పూతను చూసి మురిసిపోకండి. మన తీరపు తేమకు, చెమటకు అది కొన్నాళ్ళకే జిగురు పడుతుంది. తెచ్చాక కీబోర్డు పక్కనే, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండేటట్లు పెట్టుకోండి. చెయ్యి ఎక్కువ దూరం జరపనక్కరలేకుండా బాణం గుర్తు వేగాన్ని సరిచేసుకోండి. అరగంటకొకసారి చేతిని వదలండి. ఎంత మంచి మౌస్ అయినా విశ్రాంతికి బదులు కాదు.

రాత్రి తిమ్మిరి వస్తుంటే నెలల తరబడి నొప్పి మాత్రలు వాడకండి. అవి నాడిపై ఒత్తిడిని తీయవు, మూత్రపిండాలను మాత్రం దెబ్బతీయగలవు. వైద్యునికి చూపించుకొని చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. బొటనవ్రేలి మొదట కండ కరిగేదాకా ఆగితే శస్త్రచికిత్స చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఆ యువతికి పరీక్షలలో ఏ లోపమూ కనిపించలేదు. రాత్రిపూట మణికట్టుకు పట్టీ వేయించాను, మౌస్ మార్పించాను. రెండు నెలలకు హాయిగా నిద్రపోతున్నానని చెప్పింది. అందులో పట్టీ పాలెంతో, మౌస్ పాలెంతో నేను విడదీసి చెప్పలేను. కానీ ఆ కొత్త మౌస్‌ను ఆమె తన జీతంలో నుండి కొనుక్కున్నది. అదే నాకు మింగుడుపడలేదు.

కార్యాలయాల పెద్దలారా, మీ సిబ్బందికందరికీ ఒకే కొలత చెప్పులు కొని తొడుక్కోమంటారా? అనరు గదా! మరి అందరి చేతులకూ ఒకే మౌస్ ఎలా సరిపోతుందనుకున్నారు? రెండు మూడు కొలతలు తెప్పించి, ఎవరికి కుదిరినది వారిని ఎంచుకోనివ్వండి. దీనికి అదనంగా అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. చెయ్యని ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు. అది ఒక ఉద్యోగి నిద్రలో నుండి, చేతిలో నుండి వసూలవుతూనే ఉంటుంది.