మన బిడ్డకో న్యాయం, ఊళ్ళో బిడ్డకో న్యాయమా?

ఇక్కడి మన సంఘాల్లో విరాళాల మాట రాగానే ఎవరో ఒకరు లేచి, ఊళ్ళో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆశ్రమం కట్టిద్దామంటారు. చప్పట్లు మోగుతాయి, చెక్కులు తెగుతాయి. ఆ పిల్లల్ని అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసుకొచ్చి అక్కడ పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అని మాత్రం ఎవరూ అడగరు. నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయినా చట్టం తెరిచి చదివాను.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉందన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. బిడ్డ మేలు కోసం అది తప్పదనుకుంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి. తల్లిదండ్రులు సాకలేకపోతే కోర్టు ముందు దగ్గరి బంధువులకు అప్పగించాలి. వాళ్ళూ లేకపోతే నలుగురి మధ్య ఏదైనా కుటుంబ వాతావరణంలో ఉంచాలి. ఆశ్రమం ఆ తర్వాతే, అదీ అరుదుగా. 50వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వికలాంగుల సంస్థ నడపకూడదు. దిక్కులేని పిల్లల్ని ఉంచుకునే సంస్థకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

మరి ఇక్కడ మన పిల్లల సంగతేమిటి? అమెరికాలో 1975లో వచ్చి, 1990లో 'ఐడియా'గా పేరు మారిన చట్టం ప్రకారం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని వీలైనంతవరకు మామూలు పిల్లల మధ్యే చదివించాలి. చదువు అందడానికి రెసిడెన్షియల్ స్కూలు తప్పదని తేలితే, బసా భోజనంతో సహా తల్లిదండ్రుల మీద పైసా భారం పడకూడదు. వీసా ఏదన్నది చూడరు. ఈ హక్కు కోసం మనం ఐఈపీ మీటింగుల్లో గంటల తరబడి వాదిస్తాం, మావాణ్ణి అందరితో కూర్చోబెట్టమని పట్టుబడతాం. ఊళ్ళో పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రహరీగోడ కట్టి, గేటు మీద మన పేరు రాయించుకుంటామా?

"రాత్రింబవళ్ళు నిద్రలేని ఆ తల్లికి నీ సెక్షన్లు ఏం చేస్తాయి?" అంటారు మిత్రులు. న్యాయమైన ప్రశ్నే. కూలికి వెళ్ళాల్సిన తల్లికి బిడ్డను చూసుకునే మనిషి కావాలి. థెరపీకి పట్నం దాకా పోలేని తండ్రికి మండలంలోనే అది దొరకాలి. అవి లేకే వాళ్ళు ఆశ్రమం గడప ఎక్కుతున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది, ప్రత్యేక టీచర్లకు శిక్షణ ఇస్తోంది. అలా శిక్షణ పొందినవాళ్ళకు జీతమిచ్చి, మండల కేంద్రంలో ఒక పగటి కేంద్రం నడిపితే బిడ్డ సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ఎవరూ లేని పిల్లలకు ఆశ్రమం కావాలి, కాదనను. అమ్మ ఉన్న బిడ్డకు అది మొదటి దారి కాకూడదు.

ఇకమీదట చెక్కు రాసేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. రిజిస్ట్రేషన్ పత్రాలేవి? అక్కడి పిల్లల్లో తల్లిదండ్రులున్నవాళ్ళు ఎందరు? వాళ్ళను ఎవరి ఉత్తర్వు మీద చేర్చుకున్నారు? జవాబు రాని చోటికి మన డబ్బు పోకూడదని వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. కాదనేవాళ్ళూ రండి, మాట్లాడుకుందాం.