స్టీరింగు మనది, గేటు ఎవనిది?

"ఇప్పుడు కులం ఎక్కడున్నది సారూ? శంషాబాద్ ఎయిర్‌పోర్టుల దిగి ఫోన్ నొక్కితే టాక్సీ వస్తది. నీది ఏ కులమని అడుగుతదా?" ఈ మాట మా స్టాఫ్ రూములో నెలకొక్కసారైనా వినబడుతది. అనేవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లే. వాళ్లకు జవాబు చెప్పాలె.

కిరాయి బండికీ మనకూ ఉన్న పంచాయతీ పాతది. 1901లో చిన్నపిల్లవాడైన అంబేద్కర్ ఇంటి పిల్లలతో కలిసి మసూర్ స్టేషనులో రైలు దిగిండు. ఒంటి మీద మంచి బట్టలు. మహర్లమని చెప్పేదాకా స్టేషన్ మాస్టర్ మర్యాదగనే ఉన్నడు. తెలిసినంక ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇస్తం, బండి మేమే తోలుకుంటం అంటే ఒకడు ఒప్పుకున్నడు. డబ్బు అంటుకోలేదు, మనిషి అంటుకున్నడు! 1929లో చాలీస్‌గావ్. అప్పటికి ఆయన బారిస్టర్. స్టేషన్ నుంచి వాడకు పోదామంటే టాంగావాలాలు తోలమన్నరు. తోలుడు రాని మనవాడొకడు పగ్గాలు పట్టిండు. కల్వర్టు మీద టాంగా దెబ్బతిని బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డడు, కాలు విరిగింది. ఇవన్నీ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టిండు.

ఆ టాంగాకూ ఈ టాక్సీకీ తేడా లేదని నేను అనను. ఈ రోజు మాల మాదిగ బిడ్డ వెనక సీటులో కూర్చుంటే దిగమనే దమ్ము ఎవనికీ లేదు. అది రాజ్యాంగం ఇచ్చింది, కొట్లాట ఇచ్చింది. ఫోన్ ఇయ్యలేదు. ఫోన్ కులం అడగది గాని పేరు చూపెడుతది. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన, డ్రైవర్ ముస్లిమని తెలిసి టాక్సీ రద్దు చేసుకున్నడు. సిగ్గుపడలేదు, గొప్పగా లోకానికి చాటుకున్నడు. పేరు చాలు వాళ్లకు!

ఇక ముందు సీటు సంగతి. మా ఊరి కాలనీలో కార్పొరేషన్ లోన్ మీద కారు తెచ్చుకున్న పిల్లలున్నరు. కాగితం మీద ఓనర్లు. బడి పంతుల్ని గనుక ఒక లెక్క వేస్త. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి కిరాయి వెయ్యి రూపాయలనుకుందాం. యాప్ కంపెనీ కమీషన్ తీసెయ్యి. పార్కింగ్ రుసుము తీసెయ్యి. డీజిల్ తీసెయ్యి. లైనులో తన వంతు కోసం పడిగాపులు పడ్డ గంటలకు కూలి ఎంత? సున్న. మళ్లీ ఎయిర్‌పోర్టుకు ఖాళీగ పోతే ఆ పాతిక కిలోమీటర్ల డీజిల్ ఎవరిస్తరు? ఎవరూ ఇయ్యరు. మిగిలినదాంట్ల బ్యాంకు కిస్తీ. అందుకే ఆ పిల్లవాడు "యాడికి పోవాలె అన్నా? క్యాషా, ఆన్‌లైనా?" అని అడుగుతడు, గిట్టకపోతే రద్దు చేస్తడు. వెనక సీటాయన "డ్రైవర్లంతా దొంగలు" అంటడు.

వెనక సీటుల ఎవరున్నరో కూడ చూడండి. విమానం దిగేటోళ్లంతా సూటు బూటోళ్లు కాదు. దుబాయిల, కువైట్ల చెమటోడ్చి తాడు కట్టిన అట్టపెట్టెలతో దిగే జగిత్యాల, నిజామాబాద్ అన్నలున్నరు. అరబ్బు ఇండ్లల్ల పాచిపని చేసి దిగే గోదావరి జిల్లాల, కడప అక్కలున్నరు. పుష్పక్ బస్సు ఉంది, అది ఎక్కి జూబ్లీ బస్టాండుకు పోవచ్చు. కాని మూడు పెట్టెలు, అర్ధరాత్రి, తెల్వని తొవ్వ. గేటు కాడ దళారి చెయ్యి పట్టుకుంటడు. అక్కడ నూరు రూపాయల కాడ కొట్టుకునేది మన అన్న, మన తమ్ముడు. ఇద్దరి నడుమ నిలబడి తినేటోడు ఆ లొల్లిల కనబడడు.

"ప్రైవేటు ఎయిర్‌పోర్టు, ప్రభుత్వం ఏం చేస్తది?" అంటరు. 2008 మార్చిలో తెరిచిన ఈ ఎయిర్‌పోర్టు సుమారు 5,500 ఎకరాల మీద ఉంది. భూమిని సేకరించి ఇచ్చింది ప్రభుత్వమే. అందులో రాష్ట్రానికి వందకు 13 వాటా, కేంద్రం చేతిలోని విమానాశ్రయాల సంస్థకు ఇంకో 13. లాభంల వాటాదారు, డ్రైవర్ కష్టంల ప్రేక్షకుడా? మెట్రో సంగతి చెప్పనే వద్దు. 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన చేసిండ్రు, ప్రభుత్వం మారినంక ఆ దారే మార్చిండ్రు.

2025 మార్చిలో గిగ్ వర్కర్ల యూనియన్ ఎయిర్‌పోర్టు కిరాయిలు బహిష్కరించమని పిలుపిచ్చింది. మా స్టాఫ్ రూము అప్పుడు ఏమన్నదో చెప్పక్కర్లేదు. ఆ యూనియన్ల మన సంఘాలు ఎందుకు కనబడవు? జయంతికి దండలేస్తె సరిపోతదా? అడగడానికి ఆధారం చేతిలనే ఉంది. సొంత బండి డ్రైవర్‌కు కిరాయిలో వందకు కనీసం 80 రావాలని కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 జూలైలో మళ్లీ ఇచ్చింది. మూడు నెలల్ల అమలు చెయ్యమని రాష్ట్రాలకు చెప్పింది. బండి ఉన్న పిల్లలు నెలరోజుల ట్రిప్పులు, కోతలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలె. లెక్క రానోళ్లకు మా బడి పిల్లలు రాసిస్తరు. ఆ బుక్కులు పట్టుకుని ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు పోదాం, ఆ 80 ఎక్కడని అడుగుదాం. డ్రైవర్లు ఒక్కరే కాదు, గల్ఫ్ నుంచి వచ్చిన అన్నలు కూడ వెంట రావాలె.