ఛార్జరు తీసినంతనే వైఫై పోవునేల?



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నేడు ఆడుబిడ్డల చదువునకును, ఉద్యోగపు దరఖాస్తులకును, మగ్గముపై నేసిన చీరల బేరమునకును లాప్‌టాపు ఒక పనిముట్టైనది. అందు లైనక్సు వాడు ఇండ్లనుండి మేము వినుచున్న ఫిర్యాదొకటి కలదు. ఛార్జరు తగిలించియున్నంతసేపు వైఫై చక్కగ నుండును. కరెంటు పోయి యంత్రము బ్యాటరీపై నడువనారంభించిన తోడనే అది మందగించును, లేదా మాటిమాటికి తెగిపోవును. దరఖాస్తు గడువు చివరి గంటలో నిట్లు జరిగినచో ఆ బిడ్డ పడు వ్యథ చెప్పనలవి గాదు. దుకాణమునకు గొనిపోయినచో వైఫై కార్డు చెడినది, మార్చవలెనని చెప్పువారును గలరు. రూపాయి వెచ్చించుటకు ముందు కారణము విచారింపుడని మా మనవి.

మొదట నొక సంగతి చూడవలయును. కరెంటు పోయినపుడు ఇంటిలోని రూటరును ఆరిపోవును గదా! ఆ వేళ సెల్‌ఫోనులో అదే వైఫై వచ్చుచున్నదేమో చూడుడు. అందును రాకున్నచో దోషము లాప్‌టాపుది గాదు. రూటరునకు ఇన్వర్టరు ఆధారము కావలయును. నిశ్చయము కోరువారు కరెంటున్న వేళనే ఛార్జరు తీసి చూడవచ్చును. అప్పుడును లాప్‌టాపులో మాత్రమే వైఫై తెగినచో, కారణము దాని పొదుపు కావచ్చును.

ఆ పొదుపెట్టిదన: రూటరు సెకనునకు సుమారు పదిమార్లు తానున్నట్లు సంకేతమును పంపుచుండును. బ్యాటరీని మిగుల్చుటకై లాప్‌టాపులోని వైఫై భాగము ఆ సంకేతముల నడుమ కునుకు తీసి, సంకేతము వేళకు మేల్కొనును. నిద్రించునపుడు వచ్చిన సమాచారమును రూటరు దాచియుంచి యిచ్చును. ఏర్పాటు మంచిదే. కాని కొన్ని వైఫై కార్డులకును వాని డ్రైవర్లకును ఈ నిద్రామేల్కొలుపులు సరిగ కుదరవు. అప్పుడే సంబంధము తెగును.

పరీక్ష సులభము. టెర్మినలు తెరచి, ఐడబ్ల్యూ అను ఆజ్ఞచే వైఫై యొక్క పవర్ సేవ్ ఆన్‌లో నున్నదో ఆఫ్‌లో నున్నదో తెలిసికొని, దానిని ఆఫ్ చేసి, ఛార్జరు లేకయే అరగంట పనిచేసి చూడుడు. తెగకున్నచో దొంగ దొరికినట్లే. ఈ మార్పు తాత్కాలికము. యంత్రము నాపి మరల ప్రారంభించినచో పోవును గనుక భయపడ బనిలేదు.

స్థిరముగ దిద్దుటకు, ఉబుంటులో సాధారణముగ నెట్‌వర్క్ మేనేజరు అమరికల ఫైలునందు వైఫై పవర్‌సేవ్ అనుచోట 3 అని యుండును. 3 అనగా పొదుపు. దానిని 2 చేసినచో పొదుపు మానును. టీఎల్‌పీ అను ప్రోగ్రామును పెట్టుకొన్నవారు మరియొకటి గమనింపవలయును. అది మామూలుగ ఛార్జరుపై నీ పొదుపును మాని, బ్యాటరీపై మాత్రమే పాటించును. కావున అందును బ్యాటరీకి జెందిన వైఫై అమరికను ఆఫ్ చేయవలయును. ఒకటి దిద్ది రెండవది మరచినచో ఫలము గలుగకపోవచ్చును. ఇంతకును తీరకున్న, కార్డు మాట అప్పుడు తలపెట్టవచ్చును.

పొదుపు మానినందున బ్యాటరీ కొంత త్వరగ తరుగును. పొదుపు ఇంటికి భూషణమే; కాని వడ్డించు వేళ దీపమార్పి నూనె మిగుల్చు ఇల్లాలుండదు గదా! ఈ పనిని ఆడుబిడ్డలచేతనే చేయింపుడు. గడువు దినమున వారు ఒకరికై ఎదురుచూడ నక్కర యుండదు.