ముందు విని, తర్వాత పలుకుదాం



మన రొద్దం పక్కన పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అయినా వరద వచ్చి, కరెంటు పోయి, ఫోను టవరు మూగబోతే కబురు పంపేదెలా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో ద్వారానే ఎందరి క్షేమవార్తలో బయటి లోకానికి చేర్చారు. ఆ రేడియో బృందం హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లినదే.

ఈ సెట్టు 12 వోల్టుల బ్యాటరీతోనూ పనిచేస్తుంది. 12 ఏండ్లు నిండినవారు ప్రభుత్వ పరీక్ష వ్రాయవచ్చు. మొదటి మెట్టు రెస్ట్రిక్టెడ్ గ్రేడ్. దీనికి రేడియో పాఠాలు, నియమాలు చదవాలి. మోర్స్ సంకేతాలు అక్కరలేదు. లైసెన్సు లేకుండా మాట్లాడడం నేరం. వ్యాపారానికి ఇది పనికిరాదు; మా ప్రసంగాలను ప్రసారం చేయడానికీ కాదు!

ఎవరూ మాట్లాడడం లేదని విని తెలుసుకొన్న తర్వాతే పలకడం ఈ విద్యలో మొదటి మర్యాద. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చదివినవారికి ఇది కొత్త పాఠం కాదు.

తల్లిదండ్రులారా, తీగలు, పాత రేడియోలు విప్పే పిల్లవాణ్ణి కసరకండి. ఆపద దినమున ఊరి కబురు వాని చేతనే వెళ్లవచ్చును. సంఘానికి ఒక్కరైనా ఈ పరీక్ష వ్రాయాలని మేము ప్రార్థిస్తున్నాము.