మూడూ రెండూ ఐదు కాదు



గ్రూప్స్ ప్రిపరేషన్ మీద వ్యాసం రాయమని సంచిక కమిటీ వాళ్లు అడిగారు. నేను ఒక ఆటతో మొదలుపెడుతున్నాను. చివరిదాకా చదివితే రెండూ ఒకటేనని మీరే అంటారు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురైదుగురు మనుషులు చాలు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. నా పీజీ క్లాస్‌మేట్ నేర్పితే మా రూములో కొన్ని ఆదివారాలు ఆడాం.

ప్రతి పాత్రకూ ఒక 'క్లాస్' ఉంటుంది. తరగతి అనుకోకండి, విద్య అనుకోండి. యోధుడు, మాంత్రికుడు, దొంగ, ఇలా 12 ఉన్నాయి. 1వ లెవెల్‌లో మొదలై 20 దాకా ఎదగవచ్చు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ పాత విద్యలోనే ముందుకు పోవచ్చు, లేదా కొత్త విద్యలో మొదటి మెట్టు ఎక్కవచ్చు. ఇలా కలపడాన్ని మల్టీక్లాసింగ్ అంటారు. నేను యోధుడిగా 3 మెట్లు ఎక్కి, మాంత్రికుడి వైపు తిరిగి 2 మెట్లు ఎక్కాను. కత్తీ ఉంది, మంత్రమూ ఉంది అని మురిసిపోయాను.

నా పక్కన కూర్చున్న తమ్ముడు 5 మెట్లూ యోధుడిగానే ఎక్కాడు. వాడు తన వంతులో రెండు దెబ్బలు కొడతాడు. ఇంకొకడు 5 మెట్లూ మాంత్రికుడే. ఒక్క అగ్నిగోళంతో గుంపును కాల్చేస్తాడు. నాకు దెబ్బ ఒకటే, మంత్రాలు మొదటి స్థాయివే. ఒకే విద్యలో 4వ మెట్టు ఎక్కినవాళ్లకు సామర్థ్యం పెంచుకునే అవకాశం వస్తుంది. అదీ నాకు రాలేదు. లెక్కల పుస్తకంలో మూడూ రెండూ ఐదు. ఆటలో కాదు.

ఆ రోజు గోడ మీద అతికించుకున్న నా టైంటేబుల్ చూసి నాకే నవ్వొచ్చింది. పొద్దున పీజీ, మధ్యాహ్నం బ్యాంకు, రాత్రి గ్రూప్-3. ఫలితం: బ్యాంకు ప్రిలిమ్స్ పోయింది, గ్రూప్-3 పోయింది, సెమిస్టర్‌లో ఒక పేపర్ మిగిలిపోయింది.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2024లో 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ పరీక్షలు జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా పెట్టారు. గ్రూప్-2 ఆగస్టు 7, 8 తేదీల్లో ఉండింది. డీఎస్సీలో సబ్జెక్టు, బోధనా పద్ధతులు. గ్రూప్-2లో చరిత్ర, పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమం. ఆ జులైలో అశోక్‌నగర్, చిక్కడపల్లి రోడ్ల మీద అభ్యర్థులు ధర్నాలకు దిగింది ఇందుకే. చివరికి గ్రూప్-2 డిసెంబరుకు వాయిదా పడింది.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఒకటే పట్టుకో" అని పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గ్రూప్-1కు ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే పోయి కొత్తది వచ్చింది. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఒకే పడవ కోసం రేవులో రెండేళ్లు నిలబడమంటే, ఇంటి నుంచి నెలనెలా డబ్బు వచ్చేవాడు నిలబడతాడు. మా నాయన ఫోన్ చేసి "ఎప్పుడైతది బిడ్డా?" అంటే నేనేం చెప్పాలి? మనకు రెండో విద్య సరదా కాదు, అవసరం.

కలపడం తప్పు కాదు. ఎప్పుడు కలపాలి, దేనితో కలపాలి అన్నదే ప్రశ్న. దీనికి ఆటలోనే జవాబు దొరికింది. రెండోసారి నేను విలుకాడైన యోధుణ్ని తీసుకుని, 5వ మెట్టు ఎక్కాకే దొంగ విద్య మొదలుపెట్టాను. విల్లుకూ దొంగతనానికీ కావలసింది ఒకటే, చురుకుదనం. మొదటిసారి కత్తికి బలం, మంత్రానికి తెలివి అని రెండు వేర్వేరు కుండల్లో నీళ్లు పోశాను. ఏదీ నిండలేదు.

అశోక్‌నగర్ లెక్కలో చెప్తాను. గ్రూప్-3లో ఉన్న మూడు పేపర్లు జనరల్ స్టడీస్; చరిత్ర, పాలిటీ, సమాజం; ఎకానమీ. గ్రూప్-2లో ఆ మూడింటికి తెలంగాణ ఉద్యమం పేపర్ తోడవుతుంది. ఇది విలుకాడూ దొంగా కలిసినట్టు. గ్రూప్-2కూ బ్యాంకుకూ మాత్రం కుండలు వేరు. బ్యాంకు వద్దని కాదు, ఒక కుండ నిండాకే రెండోది పట్టమంటున్నాను. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాసినప్పుడు ప్రతిసారీ నిలకడగా మార్కులొస్తుంటే, అదే మన 5వ మెట్టు.

ఈ ఆట నియమాల చరిత్రలో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1978 నాటి నియమాల పుస్తకంలో ఏ జాతి పాత్ర ఏ విద్యలు కలపవచ్చో జాబితా ఉండేది. పుట్టుకను బట్టి విద్య. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ గోడ తీసేసి ఎవరైనా ఏ విద్యనైనా కలుపుకోవచ్చంది. 2014 నియమాల్లో కొత్త విద్యకు అడిగేది రెండు విద్యలకూ కావలసిన సామర్థ్యాల్లో కనీసం 13 పాయింట్లు. పుట్టుకను అడగరు. ఏకలవ్యుడి కథ తెలిసిన మనకు ఈ మార్పు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండు విద్యలు కలిపిన మహానుభావుడు మన హాస్టల్ గోడ మీదే ఉన్నాడు. బాబాసాహెబ్ 1915లో కొలంబియాలో అర్థశాస్త్రం ఎం.ఏ. పూర్తిచేశాక, 1916లో లండన్‌లో అర్థశాస్త్రంతో పాటు గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రం పట్టారు. స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో మధ్యలోనే తిరిగొచ్చారు. 1920లో మళ్లీ వెళ్లి, 1923 నాటికి డి.ఎస్సీ., బారిస్టర్ రెండూ సాధించారు. మొదటి విద్యలో కాలు నిలదొక్కుకున్నాకే రెండోది అందుకున్నారు.

చివరగా ఒక మాట. ఆటలో ఎవరూ ఒంటరిగా పోరు. గాయం మాన్పేవాడు జట్టులో ఉంటే యోధుడు వైద్యం నేర్వనక్కర్లేదు. మన రూములో నలుగురం నాలుగు సబ్జెక్టులూ విడివిడిగా కుస్తీ పడుతున్నాం. తలా ఒకటి గట్టిగా పట్టి, మిగతా ముగ్గురికి చెబితే ఎంత కాలం కలిసొస్తుంది! చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చాక రాత్రి ఒక గంట చాలు. పూర్వ విద్యార్థి అన్నలకు నా మనవి: నెలకొక ఆదివారం హాస్టల్‌కు రండి. "ఎన్ని నోటిఫికేషన్లకు అప్లై చేసినవ్?" అని అడగకండి. "ఏ విద్యలో ఐదో మెట్టు ఎక్కినవ్ తమ్మీ?" అని అడగండి.

జై భీమ్.