మాఘమాసపు సముద్రతీరము

శిశిరమనగానే ఆకులు రాలిన చెట్లు, మంచు కప్పిన పొలములు, ముడుచుకొని పడియున్న ప్రాణులు పుస్తకములలో కనిపించును. ఈ వర్ణనము ఉత్తరదేశమునకు తగునేమో కాని నెల్లూరు తీరమునకు చెల్లదు. జువ్వలదిన్నెలో మాఘమాసపు వేకువను ఒక్కమారు చూచినవారు శిశిరమును నిద్రించు ఋతువనరు.

జువ్వలదిన్నె బోగోలు మండలములోని మత్స్యకారుల గ్రామము. దానికి తూర్పున బంగాళాఖాతము, సమీపముననే బకింగ్‌హామ్ కాలువ. దక్షిణమున కొంతదూరములో పెన్నానది సముద్రమున కలియుచున్నది. ఈ సీమకు నైరృతి ఋతుపవనములకన్న ఈశాన్య ఋతుపవనములే ఎక్కువ వాన నిచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు కురియుటచే, ఇతర ప్రాంతములలో నీరు తగ్గు కాలమున ఇచ్చటి చెరువులలో జలసమృద్ధి యుండును. నీరున్నచోట చేప, చేప యున్నచోట పక్షి. సూళ్ళూరుపేట సమీపమునగల నేలపట్టు చెరువులో గూడబాతులు కడపచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచునది ఈ చలికాలముననే. వాని రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు బలమని అచ్చటి రైతులకు తెలియును. అందుచే వారు పక్షులను తరుమరు. ప్రభుత్వము ఆ చోటును 1976లో పక్షిరక్షణ కేంద్రముగా ప్రకటించినది. లాభము కంటికి కనబడునపుడు దయ సులభమే.

తెల్లవారుజామున కాలువపై పొగమంచు పరచుకొనియుండును. ఎండ పొడసూపగానే అది విడిపోయి, గట్టున నిశ్చలముగా నిలిచిన కొంగలు, నీటిపైకి వంగిన కొమ్మమీద లకుముకిపిట్ట బయటపడును. ఇసుకపై అలవెంట పరుగెత్తుచు ఉల్లంకిపిట్టలు పురుగులను ఏరుకొనుచుండును. పడవల చుట్టు అరచుచు తిరుగు సముద్రపు కాకులలో కొన్ని లడఖు, టిబెట్టు సరస్సుల చెంత పుట్టి, హిమాలయములు దాటి వచ్చినవి. శివరాత్రికి చలి 'శివ శివ' యనుచు పోవునని పెద్దలందురు. ఇంచుమించు ఆ దినములకే ఈ అతిథులును ప్రయాణమునకు సిద్ధమగును.

కాని ఈ ఋతువున వచ్చు అతిథులలో మిక్కిలి గొప్పది రాత్రివేళ వచ్చును. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గట్టెక్కి, వెనుకకాళ్ళతో మూరెడు గోయి త్రవ్వి, నూరు వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరలిపోవును. ఉదయమున ట్రాక్టరు చక్రపు జాడవంటి గురుతు మాత్రము మిగులును. ఇసుక వేడి హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు ఎక్కువగా పుట్టుట ఒక వింత.

ఆ తీరముననే చచ్చిన తాబేళ్ళును కొట్టుకొని వచ్చుచున్నవి. తాబేలు గాలి పీల్చు ప్రాణి. యంత్రపు పడవ ఈడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక మరణించును. దీనికై మత్స్యకారులను నిందించుట పట్టణమున కూర్చున్నవారికి సులభము, కాని న్యాయము కాదు. చిన్న పడవలవారిలో అనేకులు తాబేలును కూర్మావతారమని తలచి, వలలో పడినదానిని మ్రొక్కి విడిచిపెట్టుదురు. యంత్రపు పడవలు తీరమునకు 8 కిలోమీటర్లలోపల వేటాడరాదని 1994 నాటి చట్టమును అనుసరించి నియమమున్నది. తాబేళ్ళు గుమిగూడునది ఆ మేరలోనే కనుక, ఈ మూడు నెలలైనను ఆ నియమము ఖచ్చితముగా నడువవలెను. వలలో ఇనుప కమ్మీల చట్రమునుంచి, తాబేలు వెలికి పోవుటకు దారి విడుచు ఉపాయమును కలదు. దానిగుండా కొంత చేపయు జారిపోవునని పడవలవారి ఆక్షేపణ. ఆ మాటలో నిజము లేకపోలేదు. అట్టియెడ ఆ నష్టమును వారి నెత్తిననే రుద్దక ప్రభుత్వము భరించుట ధర్మము.

తూర్పుతీరమున యంత్రపు పడవల వేట ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, నిషేధింపబడుచున్నది. అది చేపల సంతానమునకై ఏర్పడినది. గ్రుడ్లు పొదుగుటకు 45 మొదలు 60 దినములు పట్టును. కనుక ఫిబ్రవరి కడపటి దినములలో పెట్టిన గ్రుడ్లనుండి వెలువడు పిల్లలు ఇంచుమించు పడవలు రేవు చేరిన దినములలోనే నీటిలో దిగుచున్నవి. వాని తల్లులు మాత్రము గట్టు చేరుటకు వచ్చునపుడును, మరలిపోవునపుడును ఆ వలల నడుమనే ఈదవలసియున్నది.