పాముపై మోపిన నేరము

2020 వ సంవత్సరము జనవరి మాసమున, చీనాదేశపు వూహాను నగరమున పుట్టిన క్రొత్త జ్వరము లోకమునకు తెలియవచ్చిన కొలది దినములకే, ఒక వైద్యపత్రికలో నొక వ్యాసము వెలువడెను. ఆ వ్యాధికి కారణమైన కొరోనా వైరసు మనుష్యులకు పాములనుండి సంక్రమించి యుండవచ్చునని దాని సారాంశము. నేరము మోపబడినవి ఆ దేశపు కట్లపామును, ఆ దేశపు నాగుపామును. ఈ రెండింటి జ్ఞాతులు మన పొలముగట్లపై తిరుగునవే. వార్త దేశదేశములకు ప్రాకెను. దానిని ఖండించిన శాస్త్రజ్ఞుల మాట అంతగా ప్రాకినట్లు మాకు తోచదు. కావున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ విషయమున మా యభిప్రాయమును విన్నవింపదలచితిమి.

ఆ వ్యాసకర్తలు చూపిన సాక్ష్యమేమి? జన్యువులు నాలుగక్షరముల లిపిలో నున్న వ్రాతవంటివి. మూడేసి యక్షరములు కలిసి ఒక పదమగును. ఒకే యర్థము నిచ్చు పదములు పెక్కులు గలవు. వానిలో ఒక్కొక్క ప్రాణి కొన్నింటిని హెచ్చుగను, కొన్నింటిని తక్కువగను వాడును. కొరోనా వైరసు వాడుక పాముల వాడుకకు దగ్గరగా నున్నదని యెంచి, అది పామునుండి వచ్చెనని వారు తలచిరి. సంతకములేని జాబులో నాలుగు మాటలు నెల్లూరివారి వాడుకను బోలియున్నవని, వ్రాసినవాడు నెల్లూరివాడే యని పట్టుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. వైరసు పదముల వాడుక దాని కాశ్రయమిచ్చిన ప్రాణినిబట్టి మాత్రమే యేర్పడదు. దాని సొంత వంశమునుబట్టియు నేర్పడును. ఆ వైరసునకు సన్నిహిత బంధువులు దొరికినది గబ్బిలములలో, పాములలో కాదు.

ఇట్లనుటచేత పాములకు వైరసులు లేవని మా భావము కాదు. వానికిని గలవు, వాని చరిత్ర మిక్కిలి వింతయైనది.

పెంపుడు బోవాలకును కొండచిలువలకును వచ్చు ఒక జబ్బు 1970 ప్రాంతములనుండి తెలిసియున్నది. జబ్బుపడిన పాము మేత ముట్టదు. కొన్ని తల వెల్లకిల వేసి ఆకసమువంక చూచుచుండును. సూక్ష్మదర్శినితో చూచినచో కణములలో చిన్నచిన్న ముద్దలు కానవచ్చును. చిరకాలము రిట్రోవైరసు అను జాతిమీద అనుమానము నిలిచెను. ఏలయన జబ్బుపాములలో అది దొరకెను. తీరా చూడగా కొండచిలువలలో దొరికిన యట్టి వైరసు తరతరములుగా వాని జన్యువులలోనే కలిసిపోయి, ఆరోగ్యముగా నున్న పాములలోను ఉండెను. ఇంటిలో దొంగతనము జరిగినప్పుడు తాతలనాటినుండి ఆ యింటనే యున్న ముసలిదానిని పట్టుకొన్నట్లయ్యెను!

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి స్టైన్‌హార్టు అక్వేరియములోని పాములకు ఈ జబ్బు రాగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారైన మార్కు స్టెంగ్లైను, జోసెఫు డిరీసి మొదలగువారు పరిశోధించి, 2012 లో నిజమైన నిందితుని ప్రకటించిరి. అది అరీనావైరసు. ఆ కుటుంబపు వైరసులు అంతవరకు ఎలుకలు మొదలగు స్తన్యజంతువులలోనే తెలిసియుండెను. మరియొక యాశ్చర్యము: ఈ పామువైరసు పైతొడుగునందలి మాంసకృత్తు ఎలుకవైరసుల దానిని బోలక, ఎబోలా కుటుంబపు దానిని బోలియుండెను. అయినను వారు పోలికతో తృప్తిపడలేదు. బోవా కణములను పెంచి, వానిలో వైరసును పెంచి చూచిరి. తరువాత పాములకే వైరసునెక్కించి, ఫలితమును 2017 లో ప్రకటించిరి. కొండచిలువలు రెండు మాసములలోపల నాడీవ్యాధితో తీవ్రముగా జబ్బుపడెను. బోవాలన్ననో, రక్తమున వైరసును, కణములలో ముద్దలను ధరించియు, రెండేండ్లవరకు పైకి ఆరోగ్యముగనే యుండెను.

ఈ వైరసు జన్యుగ్రంథము రెండు సంపుటములుగా నుండును: ఒకటి పెద్దఖండము, రెండవది చిన్నఖండము. ఒక ప్రాణిలో ఒక జత యుండుట మామూలని యెల్లరు తలచియుండిరి. 2015 లో వైరసు సోకిన 48 పాములను పరీక్షింపగా, వానియన్నిటిలో 23 రకముల పెద్దఖండములును, 11 రకముల చిన్నఖండములును బయటపడెను. ఒకే పాములో 11 రకముల పెద్దఖండములు, 4 రకముల చిన్నఖండములు వరకు ఉండెను! సంపుటములు చేతులు మారినవి. కొన్నిచోట్ల పుటలే చింపి వేరొకదానిలో కుట్టినట్లున్నవి. దేశదేశముల పాములను తెచ్చి, ఒకే గదిలో పెట్టెపై పెట్టె పేర్చి యమ్ము వర్తకము ఈ కలగాపులగమును పెంచి యుండుననియే మా తలంపు. అడవిలో ఒకదానినొకటి యెన్నడును చూడని పాములను ఇరుగుపొరుగు చేసినది మనుష్యుడే కదా.

2018 లో చీనా, ఆస్ట్రేలియా దేశముల పండితులు ప్రాకెడు జంతువులను, కప్పలను, చేపలను వెదకి 214 క్రొత్త వైరసులను ప్రకటించిరి. చేపలోను అరీనావైరసు కనబడెను. ఈ వంశములు కోట్లకొలది సంవత్సరములనుండి తమ యాశ్రయప్రాణులతో కలిసి, నడుమనడుమ గృహములు మారుచు వచ్చినవని దీనివలన తేటపడుచున్నది.

మరి మనకు భయమా? పామునందలి యీ అరీనావైరసు 30 డిగ్రీల వేడిమియందు బాగుగ వృద్ధిపొందును. మన దేహపు 37 డిగ్రీలలో వృద్ధిచెందజాలదని ప్రయోగశాలలో చూచియున్నారు. పామువలన మన పల్లెలకు నిజమైన భయము కాటే. దానికి మందు ఆసుపత్రిలో నున్నది. వైరసు పేరు చెప్పి కఱ్ఱ యెత్తుట తగదు.

మన కొండచిలువలను పెంచరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. విదేశపు పాములను పెంచు వేడుక మాత్రము మన పట్టణములకును వచ్చినది. అట్టి ప్రాణులలో అంతర్జాతీయ యొప్పందమునకు లోబడినవానిని నమోదు చేయింపవలెనని 2022 లో చట్టమును సవరించిరి. నమోదు మంచిదే. దానితోపాటు బోవా నెత్తురును పరీక్షించిన పత్రము కూడ జతపరుపవలెననియు, క్రొత్తపామును కొన్నిమాసములు వేఱుగదిలో నుంచవలెననియు, ఆ వ్యయమును పాము వెలలోనే కలిపి కొనువారియొద్ద పుచ్చుకొనవలెననియు మేము కోరుచున్నాము.